తెలీదమ్మ కొలబద్ద

మా ఆడపడుచుని ఇంట్లో తెలీదమ్మ అంటాం. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి అలా పిలిచే హక్కు కూడా నాదే. బయటివాళ్ళు అంటే ఊరుకోను. నేను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చేసరికి ఆమె ఇంకా స్కూల్లో చదువుతోంది. అత్తగారు అప్పటికే లేరు. రెండు జడలు, మోకాలి మీద ఎప్పుడూ మానని దెబ్బ, ఏం అడిగినా "తెలీదు" అనే నోరు. ఆకలేస్తోందా అంటే తెలీదు. పరీక్ష బాగా రాశావా అంటే తెలీదు. మొదట్లో పొగరనుకున్నాను. పోనుపోను అర్థమైంది, ఖాయంగా తెలియనిదాన్ని తెలుసని చెప్పడం ఆ పిల్లకి చేతకాదని. మార్కులు చేతికొచ్చాకే బాగా రాశానని ఒప్పుకునేది. వాన పడుతోందా అని అడిగితే కిటికీలోంచి చెయ్యి చాచి, తడి చూసుకుని మరీ జవాబు చెప్పేది.

ఆమె జడలు నేనే వేశాను, స్కూలు యూనిఫారాలు నేనే కుట్టాను. మాకు పిల్లల్లేరు. ఆ లోటు తెలియకుండా నా ప్రాణం తోడేసింది మహాతల్లి. ఇప్పుడు పెద్ద పరిశోధకురాలు. జడలు పోయి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, అందులో సగం నెరిసింది కూడా. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే పాత జవాబే. మేడ మీద గదిలో ఆమె ఉంటుంది. కింద ముందు గదిలో నా టైలరింగ్ షాపు, దాని వెనక మేమిద్దరం. మా ఆయన తపాలా ఆఫీసులో పనిచేసేవారు. ఇంట్లో నోరున్న ఆడవాళ్ళు ఇద్దరుంటే మగవాడు ఎలా ఉండాలో అలా, నెమ్మదిగా ఉంటారు.

తెలీదమ్మ చేసే పనేమిటో నాకు బోధపడటానికి చాలా కాలం పట్టింది. మన ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అని చిన్న చిన్న గదులుంటాయట, ఒంటికి కావలసిన శక్తి చాలామటుకు అక్కడే తయారవుతుందట. పని జరిగే చోట చెత్త కూడా పోగవుతుంది కదా. అక్కడి ప్రొటీన్లు కొన్ని సరిగ్గా ముడుచుకోక, వంకరపోయి, ఎందుకూ కొరగాకుండా అడ్డంగా పడుంటాయి. వాటిని పట్టుకుని ముక్కలు చేసే యంత్రాలు కూడా ఆ గదుల్లోనే ఉంటాయి. ఇనుప యంత్రాలు కావు, అవీ ప్రొటీన్లే. ఆరు భాగాలు గుండ్రంగా చేరి ఉంగరంలా కూర్చుంటాయట. ఇదంతా ఆమె చెబుతున్నంతసేపూ నేను తలూపేదాన్ని గానీ ఒక్క ముక్క లోపలికి దిగేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం షాపులో కూర్చుని కుదరని కోటు చెయ్యి ఒకటి విప్పుతున్నాను. అలాంటిదాన్ని కోపంగా కత్తెరతో కోసేస్తే బట్ట పాడవుతుంది. దారం కొస దొరకబుచ్చుకోవాలి, ఒక్కొక్క కుట్టే విప్పుకుంటూ పోవాలి, మడతలన్నీ విడిపోయాక అప్పుడు కత్తెర పెట్టాలి. ఎదురుగా టీ తాగుతున్న తెలీదమ్మ చూసి చూసి కప్పు పక్కన పెట్టేసింది. మా యంత్రం చేసేదీ అదే వదినా అంది. ముందు ప్రొటీన్ కొస పట్టుకుంటుందట, ఉంగరం మధ్యలో బెజ్జంలోంచి లాగుతుందట, లాగుతూ లాగుతూ మడతలు విప్పేస్తుందట, అవతలికి చేరాక కచకచా కత్తిరించేస్తుందట. ఆ తునకలు మళ్ళీ కొత్త ప్రొటీన్లకి పనికొస్తాయట. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ చెప్పకుండా నా బుర్ర ఎందుకు తిన్నావే అని కసిరాను. ఆ రోజు నుంచీ ఆమె పని నాకు అయినవాళ్ళ పనిలా అనిపించింది.

కొంతమందికి పుట్టుకతోనే ఆ యంత్రం నీరసంగా ఉంటుంది. చెత్త పేరుకుపోతూ ఉంటుంది. మిగతా ఒళ్ళంతా ఎలాగో సర్దుకుంటుంది గానీ, వెన్నులోంచి కిందికి పోయే పొడుగాటి నరాలు తట్టుకోలేవు. నడివయసు వచ్చేసరికి కాళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది. అలాంటివాళ్ళ చర్మం నుంచి తీసిన ముక్కలు ఆసుపత్రి నుంచి తెలీదమ్మకి వస్తాయి. పేర్లుండవు, నంబర్లే. వాటిలోని కణాలని గులాబీరంగు నీళ్ళలో పెంచి, వంకరపోయిన ప్రొటీన్ ఒకటి వాటిలో ఎంతసేపటికి మాయమవుతుందో చూస్తుంది. ప్రొటీన్ మిగిలితే పటం మీద నల్లగా గీత పడుతుంది. యంత్రం దాన్ని నమిలేస్తే గీత వెలిసిపోతుంది. ఆమె బతుకంతా ఆ గీతలు చూడటంతోనే సరిపోయింది.

రోగుల కణాలుంటే చాలదు, పోల్చుకోవడానికి ఏ జబ్బూ లేని మనిషి కణాలు కూడా కావాలి. కొలబద్ద సరిగ్గా ఉంటేనే కదా బట్ట పొట్టో పొడుగో తెలిసేది. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి నా ముందు నిలబడి, వదినా, నీ చర్మం కాస్త కావాలి అంది, పక్కింటికి పంచదార కోసం వచ్చినట్టు. అప్పట్లో నేను గుండ్రాయిలా ఉండేదాన్ని. పొద్దంతా తొక్కుడు మిషను తొక్కి, సాయంత్రం మార్కెట్టుకి నడిచివెళ్ళి, రెండు చేతుల్లో సంచులతో మేడెక్కి ఆమె గది ఊడ్చి దిగేదాన్ని. నన్ను చూస్తే జ్వరానికే భయమని మా ఆయన అనేవారు. జబ్బలోంచి పెసరగింజంత ముక్క తీసుకున్నారు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

ఆ కణాల డబ్బా మీద "నార్మల్" అని రాసి పెట్టారు. ఓసారి ఆమె మరిచిపోయిన కళ్ళజోడు ఇద్దామని ల్యాబుకి వెళ్తే, అక్కడి విద్యార్థులు లేచి నిలబడి నార్మల్ మేడమ్ వచ్చారన్నారు. ఒకమ్మాయి నన్ను మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్ళి నా కణాలు నాకే చూపించింది. పొడుగ్గా, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి ఒరిగి పడుకున్నాయి. ముద్దొచ్చాయంటే నమ్మండి. ఈ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, నా కోపం ఎరిగిన మనిషి కదా. నేను మాత్రం షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను, సైన్సు లెక్కన ఈ ఇంట్లో సరైన మనిషిని నేనొక్కదాన్నేనని.

నా కణాలని కొలబద్దగా పెట్టుకుని తెలీదమ్మ ఒక వ్యాసం ప్రచురించింది. యంత్రం పనిలో రోగులకీ ఆరోగ్యవంతులకీ పెద్దగా తేడా కనబడలేదు, జబ్బుకి అసలు కారణం ఇంకెక్కడో ఉండొచ్చు అని దాని సారాంశం. ల్యాబు అధిపతి, ఆమె పెద్దసారు అని పిలిచే ఆయన, మెచ్చుకున్నారు. ఆమెకే మింగుడు పడలేదు. మిగతా లెక్కలన్నీ తేడా ఉండి తీరాలంటున్నాయి, గీతలు మాత్రం లేదంటున్నాయి. అందుకని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. వాడే మందుని అనుమానించింది, మార్చింది. నీళ్ళని అనుమానించింది, మార్చింది. కణాలు పెంచే పళ్ళేలు మార్చింది. చివరికి తన చేతుల్నే అనుమానించి, పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడని బతిమాలి ఆవిడ చేత చేయించింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే తప్పెక్కడుందో తెలియదు, అది ఆమె పద్ధతి. అలా మార్చుకుంటూ పోతే ఎప్పటికి తేలుతుంది. మనిషి సగమైపోయింది. భోజనం పెడితే కంచంలోకి చూస్తూ కూర్చునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా కాళ్ళ గొడవ మొదలైంది. ముందు చెప్పుల కొనలు అరిగిపోవడం గమనించాను. మడమ కొత్తదానిలా ఉండేది, కొన మాత్రం కాగితంలా అయిపోయేది. చెప్పులవాడు మోసం చేశాడని వెళ్ళి పోట్లాడి వచ్చాను. తర్వాత గడప తగలడం, ఏమీ లేనిచోట తూలడం. పొద్దున్నే లేస్తే కాళ్ళు ఎవరో గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిర్రబిగుసుకుని ఉండేవి. మిషను తొక్కబోతే పాదం చెప్పిన మాట వినేది కాదు. మేడ మెట్లు ఎక్కడం మానేశాను. గది నువ్వే ఊడ్చుకోవే, నాకు బద్ధకంగా ఉంది అని తెలీదమ్మకి అబద్ధం చెప్పాను. కంటికి కనపడని వాటినన్నిటినీ చూస్తుంది గానీ కళ్ళెదుట వదిన ఈడ్చుకుంటూ నడుస్తుంటే దానికేం తెలుస్తుంది.

మా ఆయన బలవంతం మీద ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మంచి డాక్టరే. స్కాన్ చూసి, వెన్నులో ఒక డిస్కు పక్కకి జారి నరాన్ని నొక్కుతోందన్నారు. అది సరిచేస్తే నడక కుదురుకోవచ్చని ఆపరేషన్‌కి రోజు కూడా ఖాయం చేశారు. వెన్ను మీద కత్తి అంటే నాకు భయం లేదంటే అబద్ధమే. ఎక్కడైనా తేడా వస్తే మంచానికి అంటుకుపోతాను కదా. కానీ నాకు కావలసింది ఒక్కటే, మునుపటిలా నడవడం, నా మిషను నేను తొక్కుకోవడం. మోటారు పెట్టించుకోమని చెప్పినవాళ్ళ నోళ్ళు మూయించాను. అందుకని గుండె రాయి చేసుకుని సరేనన్నాను. తెలీదమ్మ కూడా ఆ స్కాన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఎముకల సంగతి నాకు తెలీదు వదినా, డాక్టరు చెప్పినట్టు చెయ్యి అంది.

ఇంతలో ల్యాబులో ఓ ఉపద్రవం వచ్చిపడింది. కణాలు పెంచే వెచ్చటి పెట్టెలో బూజు పట్టి, నా కణాలున్న పళ్ళేలన్నీ పాడైపోయాయి. గడ్డకట్టించి దాచిన నా కణాలు ఇంకా ఉన్నాయట గానీ, అవి కరిగి, కోలుకుని, పెరగాలంటే చాలా రోజులు ఆగాలి. రోగుల కణాలు వేరే పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. ఆగేదెందుకని, తెలీదమ్మ పై అంతస్తు ల్యాబు వాళ్ళ దగ్గర ఎవరో ఆరోగ్యవంతుడి కణాలుంటే అడిగి తెచ్చి, నా బదులు వాటిని పెట్టి అదే పరీక్ష చేసింది.

గీతలు పగలూ రాత్రీ అంత తేడాగా వచ్చాయి. ఆరోగ్యవంతుడి గీత వెలిసిపోయింది, రోగుల గీతలు నల్లగా అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ దొరకనిది దొరికిందని ల్యాబంతా సంబరపడింది. పెద్దసారు కేకు తెప్పించారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆ గోలలో ఈమె మాత్రం కేకు ముక్క చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడిపోయిందట. ఈసారి కూడా ఆమె మార్చింది ఒక్కటే కదా. కొలబద్ద మార్చింది, తేడా కనబడింది. అంటే పాత కొలబద్దలోనే లోపం. ఆ కొలబద్ద నేను.

ఇదంతా తర్వాత తెలిసిన కథ. ఆ మధ్యాహ్నం నాకు తెలిసిందల్లా, ఎప్పుడూ దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరని మనిషి ఎండలో వచ్చి షాపు గుమ్మంలో నిలబడిందని. వదినా, ఓసారి ఆ గోడ దాకా నడిచి రా అంది. నీకేమైనా పిచ్చా అన్నాను గానీ లేచి నడిచాను. రెప్ప వెయ్యకుండా నా కాళ్ళవైపే చూసింది. తర్వాత వంగి నా చెప్పులు చేతిలోకి తీసుకుని అరిగిన కొనలు వేలితో తడిమింది. ఒక్క మాట చెప్పాలి ఇక్కడ. ఇన్నేళ్ళు ఆ జబ్బు మీద పనిచేసిన మనిషి, ఆ జబ్బున్నవాళ్ళు నడుస్తుంటే ఎప్పుడూ చూడలేదు. ఆమెకి వచ్చేవి నంబర్లు వేసిన సీసాలే. ఆ నడక ఎలా ఉంటుందో పుస్తకంలో చదివింది, అదే నడకని ఇంట్లో రోజూ దాటుకుంటూ ల్యాబుకి వెళ్ళింది.

"వదినా, ఆ ఆపరేషన్ ఇప్పుడే వద్దు," అంది.

ఎందుకని అడిగాను. తెలీదు అంది. జన్మలో మొదటిసారి ఆ పిల్ల నోట్లో ఆ మాట అబద్ధంలా వినబడింది నాకు. అంతే, అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఏడాదిగా నేను పడుతున్న యాతన నీకేం తెలుసు, అప్పుడు చెయ్యమన్న నోటితోనే ఇప్పుడు వద్దంటావేం, ఆపేస్తే మంచంలో నాకు ఊడిగం నువ్వు చేస్తావా అని నోటికొచ్చినట్టు దులిపేశాను. గుమ్మం ముందు వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు.  ఆమె నా చెప్పులు జాగ్రత్తగా కింద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. మా ఆయన కింది నుంచి పైకి టీ, పై నుంచి కిందికి ఖాళీ కప్పు మోస్తూ మధ్యలో నలిగిపోయారు.

ఆమె మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మర్నాడే పెద్దసారుకి సంగతి చెప్పింది. ఆయన తల పట్టుకున్నారు. పరిశోధనకి ఇచ్చిన చర్మంలో ఏం కనబడినా దాన్ని తిన్నగా దాతకి చెప్పకూడదు, అది వాళ్ళ నియమం. నియమాల కమిటీ కూర్చోవాలి, జన్యు వైద్యులు చూడాలి, రక్తపరీక్షలో రుజువు కావాలి, అప్పుడే చెప్పాలి. కమిటీ కూర్చునేది నెలాఖరుకి. నా ఆపరేషన్ అంతకంటే ముందే. ఆపరేషన్ వాయిదా వెయ్యమను చాలు, కారణం చెప్పకు అన్నారట పెద్దసారు. ఆ ప్రయత్నం అప్పటికే బెడిసికొట్టిందని పాపం ఆయనకేం తెలుసు. మా తెలీదమ్మ నియమం అంటే ప్రాణం పెట్టే మనిషి. రోడ్డు మీద బండి ఒక్కటీ లేకపోయినా ఎర్రదీపం ఆరేదాకా అడుగు కదపదు.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు వచ్చింది. టాక్సీ గుమ్మం ముందుకొచ్చింది. మా ఆయన బ్యాగు డిక్కీలో పెట్టారు. నేను ఆయన భుజం పట్టుకుని మెట్టు దిగి, టాక్సీలో ఒక కాలు పెట్టాను. రెండో కాలు ఎత్తి లోపల పెట్టుకుంటుంటే తెలీదమ్మ మేడ మీద నుంచి చెప్పులైనా లేకుండా దిగి వచ్చి టాక్సీ తలుపు పట్టుకుంది.  తలుపు వదలవే అన్నాను. వదల్లేదు.

"వదినా, నార్మల్ అని రాసుకున్న నీ కణాలు నార్మల్ కాదు. రోగుల కణాలు ఎలా ఉన్నాయో నీవీ అలాగే ఉన్నాయి. నీ కాళ్ళు బిగుసుకునేది వెన్నెముక వల్ల కాదనుకుంటున్నాను. ఇది నీకు చెప్పే హక్కు నాకు లేదు. రక్తపరీక్ష కాలేదు, కాబట్టి ఖాయమని కూడా చెప్పలేను. తప్పయితే జన్మంతా తిట్టు, పడతాను. కానీ ఇవాళ ఆ బల్ల ఎక్కకు."

ఖాయంగా తెలియని మాట ఆ పిల్ల నోట్లోంచి రావడం నేను వినడం అదే మొదలు. నాకు భయమేసింది. భయం జబ్బు గురించి కాదు, ఆ మాట అనడానికి ఆమె ఎంత నలిగి ఉంటుందో తలుచుకుని. మా ఆయన వైపు చూశాను.  ఆయన డిక్కీ తెరిచి బ్యాగు తీసుకుని ఇంట్లోకి నడిచారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అడగకుండా ఆయన చేసిన పని బహుశా అదొక్కటే. నేనూ కాలు కింద పెట్టాను.

తర్వాత రక్తపరీక్షలు జరిగాయి. తెలీదమ్మ అనుకున్నదే నిజమైంది. జన్యు వైద్యురాలు ఒకావిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇది ప్రాణం తీసేది కాదు, అలాగని పూర్తిగా నయమయ్యేదీ కాదు. మెల్లమెల్లగా ముదురుతుంది, రోజూ కాళ్ళు సాగదీసే వ్యాయామాలు చేస్తే చాలాకాలం నడవొచ్చు. వెన్ను కోసి ఉంటే కాళ్ళకి ఒరిగేదేమీ ఉండేది కాదంది. లక్షల్లో ఏ ఒకరిద్దరికో వచ్చే జబ్బట. లాటరీలో ఏనాడూ సబ్బుబిళ్ళ కూడా తగలనిదాన్ని, ఇది మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎముకల డాక్టరుకి కబురు చేస్తే ఆయనే ఫోన్ చేసి, కోయకుండా ఆగినందుకు మీ మరదలి కంటే నాకే ఎక్కువ నిద్ర పడుతుందమ్మా అన్నారు. ఆడపడుచండీ అని సరిదిద్దాను.

తెలీదమ్మకి మాత్రం తిప్పలు తప్పలేదు. తన పేరు మీద వచ్చిన ఆ వ్యాసం తప్పని తనే రాసి వెనక్కి తీసుకుంది. కొలబద్దని పరీక్షించకుండా వాడటం తన తప్పేనని ఆమె ఒప్పుకున్న మాటని అందరికీ తెలిసేలా ప్రచురించారు. కమిటీ ఆమెని పిలిచి నియమం దాటినందుకు నిలదీసింది. కొంతకాలం మనుషుల నమూనాలు ముట్టుకోకూడదని ఆంక్ష పెట్టింది. అందాకా రొట్టెల పిండి పులియబెట్టే ఈస్టు కణాలతో పని చేసుకోమన్నారట. నా ఒళ్ళు మండిపోయింది. చేతికర్ర పట్టుకుని నేరుగా పెద్దసారు గదికి వెళ్ళాను, కడిగి పారేద్దామని దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ.

ఆయన నన్ను చూసి లేచి, తన కుర్చీయే లాగి వేశారు. అంతా విన్నారు. ఆమె చెప్పింది తప్పయి, మీకు నిజంగా ఆపరేషన్ అవసరమై ఉంటే ఏమయ్యేదమ్మా అని మెల్లగా అడిగారు. సగం నిజాలతో ఎవరూ భయపడకూడదనే ఆ నియమం పెట్టుకున్నామన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆ ముక్క ఆయన ముందు ఒప్పుకోవడానికి నేనేమైనా వెర్రిదాన్నా. మీ నియమాలు మీ దగ్గర పెట్టుకోండి, నా చర్మం మాత్రం మళ్ళీ కావాలంటే ఆమె చేతికే ఇస్తాను అని చెప్పి వచ్చేశాను. నా కణాలని వాళ్ళిప్పుడు రోగుల పక్కన పెట్టారు. నడివయసు దాకా ఏమీ తెలియకుండా నెట్టుకొచ్చిన కణాలు కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువట, ఆంక్ష తీరాక తెలీదమ్మ మళ్ళీ వాటితోనే మొదలుపెడుతుందట.

నా మిషనుకి మోటారు వచ్చింది. పోట్లాడాను గానీ, వచ్చాక బాగానే ఉంది. షాపు మధ్యాహ్నాలు మూసేస్తున్నాను. ఆ వేళకి తెలీదమ్మ ల్యాబు నుంచి వస్తుంది, ఈస్టుకి ఆమె కాపలా అంతగా అక్కర్లేదట. నేను బల్ల మీద వెల్లకిలా పడుకుంటే నా మడమ చేతుల్లోకి తీసుకుని, వైద్యురాలు చూపించినట్టు పాదాన్ని నా వైపుకి మెల్లగా వంచి పట్టుకుంటుంది. పిక్క కండరం మొండిగా ఎదురు తిరుగుతుంది. ఆమె లాగదు, వదలదు, అది లొంగేదాకా అలాగే ఉంటుంది. ఆ జడల పిల్ల చేతుల్లో ఇంత ఓపిక ఎప్పుడు చేరిందో నేను చూసుకోలేదు.

మొన్న అలా పట్టుకుని కూర్చున్నప్పుడు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగేశాను. మందుని అనుమానించావు, నీళ్ళని అనుమానించావు, నీ చేతుల్నే అనుమానించావు. ఏడాదిపాటు తిప్పలు పడ్డావు గానీ, నన్నొక్కదాన్ని ఎందుకు అనుమానించలేదే అన్నాను. తెలీదు అంటుందనుకున్నాను. అనలేదు. నా పాదం వైపే చూస్తూ పట్టు కాస్త సర్దుకుంది.

"అన్నిటికీ ఏదో ఒకటి అవ్వచ్చనుకున్నాను వదినా. నీకేదైనా అవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు," అంది.

  కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారిపోతుంటే పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. ఆమె చూసింది, చూడనట్టే ఉండి మడమని మెల్లగా బల్ల మీద దించింది. రెండో కాలు చాపమంది. చాపాను.